ఆటోనగర్ లారీ బాడీ షెడ్డులో మష్రూమ్ చేయించాను

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఇది. బోర్డు లేదు. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఆ పోయిన ఒకటి ఎందుకో చెప్తా.

నేను డ్రిల్ మాష్టార్ని. మష్రూమ్ అంటే జిమ్నాస్టిక్స్‌లో పామెల్ హార్స్ (పైన రెండు పిడులుండే పొడవాటి దిమ్మ) ఎక్కకముందు పిల్లలు చేతులు ఆనించి, కాళ్లు గుండ్రంగా తిప్పడం నేర్చుకునే దిమ్మ. అసలు హార్స్ నేల నుంచి 115 సెంటీమీటర్లు, ఏడేళ్ల పిల్లాడి గడ్డం దాటిపోతుంది. బయటి నుంచి తెప్పిద్దామంటే రేటు విని ఫోన్ పెట్టేశాను.

మేస్త్రి ముందు ఒప్పుకోలేదు. "మాష్టారూ, లారీ అయితే కళ్లు మూసుకుని కడతా. ఇదేంటో నాకు తెలీదు" అన్నాడు. అప్పుడు పాల్ హామ్ సంగతి చెప్పాను. అమెరికాలో విస్కాన్సిన్ కుర్రాడు, కవలల్లో ఒకడు. వాళ్ల నాన్న మేపుల్ చెట్టు మొద్దుకి పాత కారు సీటు గుడ్డ తొడిగి పామెల్ హార్స్ చేశాడు. మెట్ల రెయిలింగులే పారలల్ బార్స్, అంటే పక్కపక్కనే ఉండే జంట కమ్మీలు, అయ్యాయి. ఆ కుర్రాడే 2003లో ప్రపంచ ఆల్‌రౌండ్ (అన్ని సాధనాల మార్కులూ కలిపి) చాంపియన్ అయ్యాడు, అమెరికా మగవాళ్లలో మొదటివాడు. "మేపులంటే ఏం చెట్టు? మా దగ్గర తుమ్మ మొద్దుంది" అన్నాడు మేస్త్రి. బేరం అక్కడే కుదిరింది.

చెక్క పనికి వంక లేదు. అడుగున తుమ్మ దిమ్మ, బరువుకి అంగుళం కదలదు. అంచులు చేత్తో తడిమి చూశాను, ఎక్కడా పేడు లేదు. పేచీ అంతా పైన. లారీ సీటుకి వేసే మెత్తటి స్పాంజి వేశాడు, మణికట్టు దాకా దిగిపోయింది. పైన రెక్సిన్, చెమట పడితే జారుడు. విప్పించి గట్టి ఫోమ్ వేయించి, పైన టార్పాలిన్ కాన్వాస్ బిగించమన్నాను. మారు మాట్లాడకుండా చేశాడు, అదనంగా అడగలేదు. కానీ వారం అన్నవాడు దసరా దాటించాడు. పోయిన స్టార్ దానికే.

పని జరుగుతుంటే ఫోన్లో ఏథెన్స్ 2004 ఒలింపిక్స్ ఆల్‌రౌండ్ పోటీ చూపించాను. వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా దూకడం) దిగుతూ హామ్ తూలి దాదాపు జడ్జీల బల్ల మీద పడ్డాడు, స్కోరు 9.137, పన్నెండో స్థానానికి జారాడు. మిగిలినవి రెండే. పారలల్ బార్స్‌లో 9.837, హై బార్‌లో, అంటే ఎత్తున ఉండే ఒంటి కమ్మీ మీద, మళ్లీ 9.837. స్వర్ణం, 0.012 తేడాతో. కొరియా యాంగ్ టే యంగ్‌కి స్టార్ట్ వాల్యూ (విన్యాసం కష్టాన్ని బట్టి ఇచ్చే మొదలు మార్కు) ఒక పదోవంతు తక్కువ వేశారన్న గొడవ స్పోర్ట్స్ కోర్టు దాకా వెళ్లింది, అక్టోబరులో అక్కడా స్వర్ణం హామ్‌కే ఉంచారు. నాకైతే యాంగ్‌ని చూస్తే ఇప్పటికీ బాధే. మేస్త్రి మాత్రం పడిన చోటే మూడుసార్లు వెనక్కి తిప్పి, "కాలి కింద మెత్త ఎంత మందం ఉంటది?" అని అడిగాడు.

హై బార్ కూడా చేస్తానన్నాడు, జీఐ పైపుతో. వద్దన్నాను, మీరూ వద్దనండి. అది 28 మిల్లీమీటర్ల స్ప్రింగ్ స్టీల్, వంగి తిరిగి లేవాలి. పైపు వంగితే అలాగే ఉండిపోతుంది, కింద పిల్లాడుంటాడు. నేలకి దగ్గరగా ఉండే సామాను వరకే ఇక్కడ చేయించుకోండి. కొలతలు కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, స్పాంజి వేసే రోజు దగ్గరుండండి.