ప్రారంభ వడ్డీ గడువు ముగిశాక గృహరుణం మార్చుకున్నాను: ఆరేళ్ల అనుభవం

ఇంటి కోసం 20 ఏళ్ల గడువుతో రుణం తీసుకున్నప్పుడు మొదటి మూడేళ్లకు 7 శాతం వడ్డీ అనీ, ఆ తరువాత బ్యాంకు సాధారణ రేటు వర్తిస్తుందనీ ఒప్పందంలో స్పష్టంగానే రాసి ఉంది. మూడేళ్లు నిండగానే రేటు 9 శాతానికి చేరినా ఖాతాలోంచి వెళ్లే నెలవారీ వాయిదా మారలేదు కాబట్టి, భారం ఏమీ పెరగలేదనే అనుకున్నాను. తరువాత వచ్చిన స్టేట్‌మెంట్‌లో ‘మిగిలిన వాయిదాలు’ అన్న గడిలో 204 ఉండవలసిన చోట 300 కనిపించింది. వాయిదా పెంచడానికి బదులు బ్యాంకు నన్ను అడగకుండానే గడువును పొడిగించింది. మొదట తీసుకున్న ప్రతి లక్ష అప్పుకు నేను నెలకు 775 కడుతుంటే, అందులో 692 వడ్డీకే పోయి అసలుకు 83 మాత్రమే జమ అవుతోంది. పాత రేటే కొనసాగి ఉంటే 237 జమ అయ్యేది. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది.

ముందుగా రేటు తగ్గించమని సొంత బ్యాంకునే అడిగాను. అది కుదరకపోవడంతో 7.5 శాతానికి ఇస్తామన్న మరో బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి 25 ఏళ్ల గడువు చూపించి, అదే లక్షకు వాయిదా 682కు తగ్గుతుందని చెప్పారు. వినడానికి బాగానే ఉంది, కానీ కూర్చుని లెక్క వేస్తే సంగతి తేలింది: పాత బ్యాంకులోనే 9 శాతానికి 885 చొప్పున 17 ఏళ్లు కట్టినా మొత్తం సుమారు 1,80,600 అవుతుంది, తక్కువ వడ్డీకి 25 ఏళ్లు కడితే 2,04,700 దాటుతుంది. అదే 7.5 శాతానికి 17 ఏళ్లకే కట్టుబడితే వాయిదా 802, మొత్తం 1,63,600. అందుకే గడువు ఒక్క నెల కూడా పెరగకూడదని దరఖాస్తులోనే రాయించాను.

ప్రాసెసింగ్ రుసుము, ఇంటి విలువ కట్టించడం, న్యాయ పరిశీలన, తాకట్టు నమోదు అన్నీ కలిపి మిగిలిన అసలులో 1.2 శాతం ఖర్చయింది. 885కు బదులు 802 కట్టడంతో నెలకు 83 మిగులుతుండగా అది 14 నెలలు తిరిగేసరికి తిరిగి వచ్చింది. ముందస్తు చెల్లింపు రుసుము నా ఒప్పందంలో ప్రారంభ గడువుతోనే ముగిసింది. మీ ఒప్పందంలో ఆ తేదీ వేరుగా ఉండవచ్చు, దానిని తప్పక చూసుకోండి.

ఇబ్బంది పెట్టినవి కాగితాలే. రుణం పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో చెబుతూ పాత బ్యాంకు ఇచ్చిన ముగింపు లెక్క ఒక నిర్ణీత తేదీ వరకే చెల్లుతుంది. కొత్త బ్యాంకు చెక్కు నాలుగు రోజులు ఆలస్యం కావడంతో ఆ నాలుగు రోజుల వడ్డీకి మళ్లీ లెక్క వేయించుకోవలసి వచ్చింది. రుణం ముగిసినట్టు ఉత్తరం చేతికి వచ్చేదాకా పాత వాయిదాను నేను ఆపలేదు, అదే మంచిదైంది. అసలు దస్తావేజులను అప్పగించేటప్పుడు ఒక్కొక్క కాగితాన్నీ జాబితాతో సరిచూసుకుని సంతకం చేశాను.

ఈ ఆరేళ్లలో కొత్త బ్యాంకు రేటు కూడా రెండుసార్లు మారింది. రెండుసార్లూ గడువు కదలకుండా వాయిదానే సవరించమని రాసి ఇచ్చాను, వారు అలాగే చేశారు. ఈ నెల స్టేట్‌మెంట్‌లో ‘మిగిలిన వాయిదాలు’ గడిలో 132 అని ఉంది.