విశాఖలో పది రోజుల పరుగు, మూడు జతల చెప్పులు

రెండేళ్ళ క్రితం నా కుడి పాదంలో రెండో వేలి వెనకాల ఉండే సన్నటి ఎముక చిట్లింది. పడలేదు, దెబ్బా తగల్లేదు. పల్చటి సోల్ ఉన్న షూ కొనుక్కుని మొదటి వారంలోనే 10 కిలోమీటర్లు, మూడో వారంలో 16 కిలోమీటర్లు పరిగెత్తాను, అంతే. అమ్మినతను "ఇవి వేసుకుంటే మోకాళ్ళ నొప్పి అన్న మాటే ఉండదు మేడమ్" అన్నాడు కానీ అలవాటు పడటానికి నెలలు పడుతుందని చెప్పలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, ఎమ్మారైలో బయటపడింది. ఏడు వారాలు పరుగు బంద్.

వేళ్ళకి విడివిడిగా తొడుగులుండే షూ అమ్మే వైబ్రమ్ కంపెనీ మీద అమెరికాలో కేసు పడి, 2014లో 37.5 లక్షల డాలర్లకి రాజీ కుదిరిందని ఆ ఖాళీ రోజుల్లోనే చదివాను. ఆ షూ వల్ల ఆరోగ్యానికి మేలని చేసిన ప్రచారానికి తగిన ఆధారాలు లేవన్నది ఫిర్యాదు. తప్పు చేశామని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు. నా షూ వేరే కంపెనీవి. కోపం వచ్చినా పారేయబుద్ధి కాలేదు. వాటితో పరిగెత్తిన ఆ కొద్ది రోజులూ కాలివేళ్ళు విచ్చుకుని నేలని పట్టుకున్న హాయి నేను మర్చిపోలేదు. అందుకే ఈసారి వారానికి ఒకటి రెండు కిలోమీటర్లతో మళ్ళీ మొదలుపెట్టాను. ఏడాదిన్నర తర్వాత 8 కిలోమీటర్ల దాకా వచ్చాను.

విశాఖ వెళ్ళడానికి రెండు కారణాలు. చలికాలంలో అక్కడ జరిగే వైజాగ్ నేవీ మారథాన్‌లో మొదటిసారి ఫుల్, అంటే 42.195 కిలోమీటర్లు, పరిగెత్తాలనుకుంటున్నాను కాబట్టి ఆ రోడ్లని ముందే కాళ్ళకి పరిచయం చేయాలి. రెండోది, గోపాలపట్నంలో ఉండే మా పిన్ని ప్రతి ఆషాఢంలోనూ సింహాచలం గిరిప్రదక్షిణకి రమ్మంటుంది. ఈ ఏడు సెలవు కుదిరింది. రెండు జతల షూతో హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఒకటి మెత్తగా, లావుగా ఉండే మామూలు జత. రెండోది ఆ పల్చటిది.

మొదటి రెండు రాత్రులు ఆర్కే బీచ్ వెనక సందులో ఒక హోటల్లో దిగాను. సముద్రం నాలుగు నిమిషాల నడక, గది శుభ్రం, వేడినీళ్ళు టైముకి వచ్చాయి. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకి బయటికి వెళ్ళాలని బుకింగ్‌లోనే చెప్పినా గ్రిల్ తాళం వేసే ఉంది. వాచ్‌మన్‌ని లేపి, తాళంచెవి వెతికించేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. రెండో రోజూ అదే కథ. జూలైలో విశాఖలో ఆ ఇరవై నిమిషాలకి చాలా విలువ. ఐదున్నరకే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఆరున్నరకి నెత్తి మాడుతుంది. టిఫిన్ ఎనిమిది తర్వాతే పెడతారు. పరుగు కోసం వచ్చేవాళ్ళు గది ఎలా ఉందని అడిగే ముందు గేటు ఎన్నింటికి తీస్తారని అడగాలి.

మూడో రోజు లాసన్స్ బే కాలనీలో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాను. అద్దె కాస్త ఎక్కువే అయినా కింద గేటు తాళంచెవి ఒకటి నా చేతికే ఇచ్చారు. వాషింగ్ మెషీన్ ఉంది, చిన్న వంటగది ఉంది. ఒంటరిగా వెళ్ళిన ఆడమనిషిని కదా, వీధి దీపాలు వెలుగుతున్నాయా, ఆ వేళకి నలుగురు తిరుగుతారా అని ముందు చూసుకున్నాను. నాలుగున్నరకే వాకింగ్‌కి వెళ్ళే పెద్దవాళ్ళు కనిపించారు, టెన్షన్ తీరింది.

ఇక రోడ్లు. ఆర్కే బీచ్ రోడ్డు మీద ఉదయం పూట కొంతసేపు వాహనాలని ఆపేస్తారు. ఈ ఒక్క సౌకర్యం కోసమే పరుగు నేర్చుకునేవాళ్ళు విశాఖ రావచ్చంటాను. ఫుట్‌పాత్ పలకలు తడికి జారతాయి, పల్చటి సోల్ కింద వాటి అంచులు గుచ్చుకుంటాయి. తారు రోడ్డే మేలు. బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. దాన్నే గీతగా పెట్టుకుని ముక్కు దగ్గర నుంచి తోక దాకా వేగంగా, వెనక్కి నడకగా ఎనిమిది సార్లు చేశాను. పల్చటి షూకి ఇలాంటి చిన్న పరుగులే సరిపోతాయి. అడుగు దగ్గరగా పడుతుంది, పాదం సరిగ్గా ఒంటి కిందే ఆనుతుంది, కాలు ముందుకి చాచి మడమ గుద్దడం ఉండదు. పరుగయ్యాక బండి మీద చోడి అంబలి (రాగి అంబలే), ఉల్లిపాయ ముక్క, మజ్జిగ మిరపకాయ. ఆ పూటకి నాకు అంతకు మించిన టిఫిన్ లేదు.

ఇసుక గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. ఒట్టికాళ్ళతో ఇసుకలో పరిగెత్తితే మంచిదని చాలామంది అంటారు. పొడి ఇసుకలో కాలు దిగబడి పిక్కలు పట్టేస్తాయి. అల తడిపిన గట్టి ఇసుక మీద బాగుంటుంది కానీ అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. అందుకే వెళ్ళినంత దూరం అదే దారిలో తిరిగి వచ్చేదాన్ని, మొత్తం కలిపి 2 కిలోమీటర్లు మించకుండా. నీళ్ళలోకి మాత్రం దిగలేదు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే అలలు ప్రమాదం.

కైలాసగిరి ఘాట్ రోడ్డు నాకు తెగ నచ్చింది. ఎక్కేటప్పుడు బరువు తనంతట తానే ముందుపాదం మీదకి వస్తుంది కాబట్టి పల్చటి షూతో ఎక్కాను. దిగేటప్పుడు మాత్రం బ్యాగులోంచి లావు జత తీసి మార్చుకున్నాను. పల్లంలో ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టే, చిట్లిన ఎముక అక్కడే గుర్తొస్తుంది. కొండ మీద నుంచి బీచ్ రోడ్డు వంపంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. చూస్తూ పది నిమిషాలు ఆగిపోయాను, వాచీ ఆపడం కూడా మర్చిపోయాను.

తేమ గురించి ఎంత చెప్పినా తక్కువే. హైదరాబాద్‌లో పరిగెత్తే వేగానికి ఇక్కడ కిలోమీటరుకి అరనిమిషం పైన కలుపుకోవాల్సి వచ్చింది. చెమట ఆరదు, కారి షూలోకి దిగుతుంది. సాక్స్ లేకుండా పల్చటి షూ వేస్తే మూడో రోజుకే మడమ పైన చర్మం ఊడింది. రాత్రంతా పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెట్టినా ఉదయానికి చెమ్మగానే ఉండేవి.

ఆరో రోజు లాంగ్ రన్, ఆర్కే బీచ్ నుంచి భీమిలి. సుమారు 25 కిలోమీటర్లు. మొదటి 6 పల్చటి షూతో, ఆపైన తెన్నేటి పార్క్ దగ్గర ఆగి లావు జతతో. సాగర్ నగర్ దాటాక రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రుషికొండ దాకా కొబ్బరిబోండాలు, నీళ్ళ సీసాలు దొరుకుతాయి. ఆ తర్వాత ఉదయం పూట కొట్లు తక్కువ, నీళ్ళు మోసుకెళ్ళాలి. మంగమారిపేట దగ్గర వలలు సర్దుకుంటున్న వాళ్ళలో ఒక పెద్దాయన "భీమిలి దాకానేటమ్మా? బస్సుంది కదా" అన్నాడు. నిజంగానే వచ్చేటప్పుడు 900కె బస్సులో వచ్చాను, కిటికీ పక్క సీటు దొరికింది. ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరేసరికి పిక్కలు రాళ్ళయ్యాయి కానీ ఎముక నొప్పి లేదు. రెండో వేలి వెనక బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకున్నాను. ఏమీ లేదు. బస్టాండ్ అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు విశ్రాంతి. పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. మెక్సికోలో తరాహుమారా తెగవాళ్ళు పాత టైరు ముక్కకి తోలు పట్టీలు కట్టుకుని కొండల్లో పరిగెత్తుతారు. మన పల్లెల్లో టైరు చెప్పులు కొత్తా? మా తాతయ్య పొలంలో అవే వేసుకునేవాడు. "అలాంటివి పల్చగా ఒక జత కుట్టాలి బాబాయ్" అంటే, నా కాళ్ళకున్న షూ చూసి, "అంత ఖరీదైనవుండగా ఇవేటికమ్మా?" అన్నాడు. చెప్పాను. రబ్బరు ముక్క మీద నన్ను నిలబెట్టి సుద్దముక్కతో పాదం చుట్టూ గీశాడు. వేళ్ళ దగ్గర గీతని వేలెడు వెడల్పు బయటికి జరిపి, "వేళ్ళు ఇరుక్కుంటే నడక పాడవుద్ది" అన్నాడు. ఆరెతో మూడు కన్నాలు పొడిచి, పట్టీ దూర్చి, మడమ దగ్గర ముడి నా చేతే బిగించుకోమన్నాడు, ఎవరి బిగువు వాళ్ళకే తెలుస్తుందట. 250 రూపాయలు. నా పాదం కొలత ఇంత ఓపికగా తీసుకున్న మనిషిని నేను ఏ షోరూంలోనూ చూడలేదు.

చివరి మూడు రాత్రులు పిన్ని ఇంట్లో. సముద్రం దూరం, కానీ సింహాచలం దగ్గర. చతుర్దశి నాడు మధ్యాహ్నం తొలి పావంచా, అంటే కొండ కింద మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. నేను షూ తీయబోతూ ఆగితే పిన్ని "ఏటే, దేవుడి చుట్టూ షూసేసుకుని తిరుగుతావేటి?" అంది. "ఒట్టికాళ్ళతో ఇంత దూరం ఎప్పుడూ నడవలేదు పిన్నీ, మళ్ళీ ఎముక..." అన్నాను. ఆవిడ నా పాదం వైపు చూసి, "నీకు కుదిరినంత నడు. మిగతాది అప్పన్న చూసుకుంటాడు" అంది. టైరు చెప్పులు సంచిలో పెట్టుకుని కదిలాను.

అడవివరం, ముడసర్లోవ, హనుమంతువాక. లక్షల పాదాలు. అంతమంది మధ్య నేను కిందికే చూస్తూ నడిచాను. వేళ్ళు విసనకర్రలా విచ్చుకున్న పాదాలు, పగిలిన మడమలు, పసుపు రాసిన పాదాలు, నాలాంటి మెత్తటి పట్నం పాదాలు. నడకలో ఎవరైనా మడమే ముందు ఆనిస్తారు, అయితే అలవాటున్నవాళ్ళు దాన్ని దించరు, తాకిస్తారు. పిన్ని అడుగు చప్పుడే కాలేదు. పరుగు సంగతీ దీనికి దగ్గరే. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో, చిన్నప్పటి నుంచి ఒట్టికాళ్ళతో పరిగెత్తేవాళ్ళు ఎక్కువగా ముందుపాదాన్నో మధ్యపాదాన్నో ఆనిస్తారని, అందువల్ల నేల తాకిన క్షణంలో వచ్చే ఆ గుద్దు తక్కువని తేలింది. షూ విప్పినంత మాత్రాన అది వచ్చేయదని నా ఎముక చెప్పింది. 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఒట్టికాళ్ళతో గెలిచిన అబెబె బికిలా కూడా 1964లో టోక్యోలో షూ వేసుకునే, ఇంకా తక్కువ టైములో గెలిచాడు.

దారి పొడవునా మజ్జిగ, పులిహోర, నీళ్ళ పొట్లాలు. ఎవరూ డబ్బు అడగరు, తీసుకోకపోతే బాధపడతారు. ఏ మారథాన్‌లోనూ ఇంత ఆదరణ ఉన్న ఎయిడ్ స్టేషన్ చూడలేదు. ఒక్కటే లోటు, ఆడవాళ్ళకి టాయిలెట్లు చాలవు, ఉన్నచోట లైన్లు చాంతాడంత. అప్పూఘర్ దగ్గర సముద్రస్నానం అయ్యాక అరికాళ్ళు మండటం మొదలైంది. చిన్న రాయి తగిలినా ఒళ్ళంతా జివ్వుమంది. టైరు చెప్పులు కట్టుకున్నాను. పిన్ని ఏమీ అనలేదు, ముడి సరిగ్గా పడిందో లేదో వంగి చూసింది. ఎంవీపీ కాలనీ, మాధవధార, ఎన్ఏడీ మీదుగా గోపాలపట్నం, మళ్ళీ సింహాచలం చేరేసరికి రాత్రి మూడైంది. పిన్నికి 61 ఏళ్ళు. మొత్తం ఒట్టికాళ్ళతోనే నడిచింది.

తర్వాతి రోజు సీతమ్మధారలో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఒంటికాలి మీద నిలబెట్టి మడమ ఎత్తించింది. ఎడమ కాలు 25 సార్లు, కుడి కాలు 17. ఆ తేడా పోయేదాకా పల్చటి జతతో దూరం పెంచొద్దంది. ఏమీ అమ్మే ప్రయత్నం చేయలేదు, రెండు వ్యాయామాలు రాసిచ్చి పంపింది.

మారథాన్‌కి లావు జతే వేసుకుంటాను. పల్చటివి వారానికి రెండు రోజులు చిన్న పరుగులకి. టైరు చెప్పులు ఇంట్లో, కూరగాయలకి వెళ్ళినప్పుడు. రైలెక్కే ముందు లాసన్స్ బే అపార్ట్‌మెంట్ ఆయనకి ఫోన్ చేసి మారథాన్ వారానికి అదే గది చెప్పాను. "గేటు తాళంచెవి కూడా కదమ్మా?" అని ఆయనే గుర్తు చేశాడు.