రైలు పట్టాల దగ్గర ఇల్లు: మహబూబ్‌నగర్‌లో ఏళ్లుగా ఉంటున్న మా అనుభవం

కొత్తగా మా గల్లీలో ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లందరూ ఒకటే అడుగుతారు, రైలు చప్పుడుకు నిద్ర ఎట్లా పడుతుంది అని. పడుతుంది. మహబూబ్‌నగర్‌లో సికింద్రాబాద్ లైన్ పక్కన కిరాయికి ఉండబట్టి చాలా ఏళ్లయింది, మా చిన్నోడు ఈ ఇంట్లో ఉండగానే పుట్టాడు, మా అత్తమ్మ మాతోనే ఉంటుంది, మా ఆయనది పోలేపల్లి సెజ్‌లో షిఫ్ట్ డ్యూటీ కాబట్టి నైట్ డ్యూటీ పడ్డ వారమంతా పగలు పడుకోవాల్సిందే. పసిపిల్లోడి నిద్ర, ముసలామె నిద్ర, డ్యూటీ నుంచి వచ్చిన మనిషి నిద్ర, అన్నీ ఈ ఇంట్లో నడిచాయి కాబట్టి గట్టిగా చెబుతున్నా: పట్టాలకు ఎంత దూరం అనేది తర్వాత, ముందు రైల్వే గేటుకు ఎంత దూరమో చూడండి, ఆ వెంటనే గల్లీ ఎట్లాంటిదో చూడండి.

రైలు పోయే చప్పుడు వేరు, హారన్ వేరు. పెట్టెల చప్పుడు దూరం నుంచి మెల్లగా మొదలై పెరిగి మళ్లీ తగ్గిపోతుంది, వస్తున్నట్టు ముందే తెలుస్తుంది కాబట్టి ఉలిక్కిపడం, కొన్ని వారాలకు చెవి దాన్ని పట్టించుకోదు. హారన్ మాత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. గేటుకు 600 మీటర్ల ముందు పట్టాల పక్కన పసుపు రంగు బోర్డు ఉంటుంది, దాని మీద నల్ల అక్షరాలతో డబ్ల్యూ/ఎల్ అని, హిందీలో సీ/ఫా అని రాసి ఉంటుంది, ముందర గేటు ఉంది, హారన్ కొట్టు అని దానర్థం. అక్కడి నుంచి గేటు దాటేదాకా డ్రైవర్ హారన్ కొట్టాలి, అది అతని డ్యూటీ, రాత్రి రెండైనా మూడైనా అంతే. అంటే ఆ బోర్డుకు, గేటుకు మధ్య ఉన్న ఇళ్లకు హారన్ తప్పదు. అదే లైన్ పక్కన, అంతే దూరంలో, గేటు లేని చోట ఉన్న ఇంట్లో బతుకు పూర్తిగా వేరేగా ఉంటుంది. మన ఊళ్లో బస్తీల పేర్లే గేట్ల మీద నడుస్తాయి, బోయపల్లి గేటు, టీడీ గుట్ట గేటు అని, అయినా ఇల్లు చూసేటప్పుడు బ్రోకర్ నోట ఈ బోర్డు మాట రాదు. ప్లాట్ దగ్గర నిలబడి అటొకసారి ఇటొకసారి పట్టాల వెంట చూస్తే బోర్డు మీకే కనబడుతుంది. మా ఇల్లు బోర్డుకు అవతల, గేటుకు దూరంగా ఉంది. హారన్ వినబడుతుంది కానీ ఊళ్లో ఎక్కడో మోగినట్టే ఉంటుంది.

మేము దిగిన కొత్తలో ఇది ఒకటే లైన్. ఒక బండి పోవాలంటే ఇంకోటి ఆగాలి, గూడ్స్ బండి సిగ్నల్ దగ్గర నిలబడిపోయేది, డీజిల్ ఇంజన్ ఆపకుండా గుడగుడమంటూనే ఉండేది, కిటికీ అద్దాలు కూడా సన్నగా అదిరేవి. పోయే రైలు కంటే ఆగిన రైలే ఎక్కువ బాధ అని అప్పుడే అర్థమైంది. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా డబుల్ లైన్, కరెంట్ లైన్ పూర్తయి 2023 ఏప్రిల్‌లో ప్రధాని జాతికి అంకితం చేశారు. ఆ పనులు అయ్యాక మా దగ్గర బండ్లు నిలబడటం బాగా తగ్గింది, కరెంట్ ఇంజన్ నిలబడ్డా డీజిల్ అంత రొద చేయదు, ఆ పొగ వాసన కూడా పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మొదలైన కాచిగూడ - యశ్వంత్‌పూర్ వందే భారత్ అయితే వచ్చిందీ పోయిందీ తెలియదు, దానికి ముందర వేరే ఇంజన్ ఉండదు, సగం పెట్టెల కిందనే మోటార్లు ఉంటాయి. గాలి కొట్టినట్టు ఒక్కసారి హుష్షుమని పోతుంది.

గూడ్స్ బండితోనే కొంచెం ఇబ్బంది. బరువు ఎక్కువ, పొడుగు ఎక్కువ, చాలావరకు రాత్రిళ్లే పోతాయి. బ్రేకు పట్టేసి జారినప్పుడు చక్రం ఒక చోట అరిగి చదునవుతుంది, అట్లాంటి వ్యాగన్ వస్తే టకటకమని ఒకే లెక్కన కొట్టుకుంటూ పోతుంది, మా వంటింటి సజ్జ మీద స్టీలు గిన్నెలు దానికి తోడు మోగుతాయి. గిన్నెల కింద పాత దుప్పటి ముక్క పరిచాం, మోత తగ్గింది. చలికాలంలో అన్ని చప్పుళ్లూ ఎక్కువ దూరం వినబడతాయి, రాత్రి నేల దగ్గర గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉండటంతో శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం ఇల్లు చూసి చప్పుడేమీ లేదని బయానా ఇచ్చేయకండి. వీలైతే డిసెంబర్‌లో, రాత్రి పదకొండు దాటాక, ఆ గల్లీలో కాసేపు నిలబడండి. స్టేషన్ దగ్గర ఇల్లైతే అనౌన్స్‌మెంట్ మైకు ఎటు తిరిగి ఉందో కూడా చూడండి.

ఇంట్లో చేసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. పడకగది పట్టాలకు ఎదురుగా కాకుండా ఇంటికి వెనక ఉండాలి, మధ్యలో హాలు, వంటిల్లు వస్తే సగం చప్పుడు అక్కడే ఆగుతుంది. కింది పోర్షన్‌కు కాంపౌండ్ గోడ, ముందరి ఇళ్లు అడ్డం వస్తాయి, పై పోర్షన్‌కు ఏ అడ్డమూ ఉండదు, కాబట్టి గాలి వెలుతురు బాగున్నాయని పైది తీసుకునేవాళ్లు ఇది కూడా లెక్కలో పెట్టుకోవాలి. మా ఆయన పడుకునే గదికి పాత చెక్క కిటికీ తీయించి రబ్బరు బీడింగ్ ఉన్న యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ పెట్టించాం, ఓనర్ సగం ఖర్చు భరించాడు. మంచి మనిషి. అద్దం మందం కంటే సందులు లేకుండా మూసుకోవడమే ముఖ్యం, సందు ఉంటే ఎంత మంచి అద్దమైనా దండగ.

ఇక గల్లీ సంగతి. దీనికి ముందు మేము ఉన్న ఇల్లు పట్టాలకు చాలా దూరం, రైలు కూత కూడా వినబడేది కాదు. పక్కనే ఒక ఫంక్షన్ హాల్. మాఘం, వైశాఖం, శ్రావణం వచ్చిందంటే బరాత్, డీజే, పటాకులు, జనరేటర్. చట్టం ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టొద్దు, నివాస ప్రాంతంలో రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దు, కానీ పెండ్లి ఇంటికి పోయి చప్పుడు తగ్గించండి అని రోజూ ఎవరు అడుగుతారు? డీజే ఎప్పుడు ఆగుతుందో తెలియదు, అందుకే దానికి చెవి అలవాటు పడలేదు. రైలు రెండు మూడు నిమిషాల్లో పోతుంది. ఎదురింటి పెద్దమ్మ మేము దిగిన రోజే మా అత్తమ్మతో అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటాం: "రైలు పోతే పోతది బిడ్డా, నల్లా కాడ లొల్లి పెట్టేటోళ్లు పోరు గదా."

ఆమె చెప్పినట్టే ఈ గల్లీలో నల్లా దగ్గర లొల్లి లేదు. చాలామంది రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్లు, వాళ్ల పిల్లలు, కొందరు బొంబాయి పనులకు పోయి తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్లు. సాయంత్రం అరుగుల మీద మనుషులు ఉంటారు. మా చిన్నోడు పట్టాల వైపు నాలుగు అడుగులు వేస్తే ఎవరో ఒకరు కేకేస్తారు, చెయ్యి పట్టుకుని తెచ్చి ఇంట్లో దింపుతారు. పిల్లలున్నవాళ్లకు పట్టాల దగ్గర అసలు భయం ఇదే, చప్పుడు కాదు. అందుకే గల్లీలో మనుషులు బయట కూర్చుంటారా, అందరూ దర్వాజాలు వేసుకుని ఉంటారా అన్నది తప్పకుండా చూడాలి. సాయంత్రం ఆరు గంటలకు ఒకసారి పోయి కిరాణం షాపులో ఏదైనా కొనుక్కుని, నీళ్లు ఎప్పుడొస్తాయి, ఎవరెవరు ఉంటారు అని మాట కలిపితే చాలు, బ్రోకర్ దాచినవి అన్నీ అక్కడ తెలుస్తాయి.

గేటు విషయంలో ఇంకోటి ఉంది. బడి, ఆస్పత్రి, డ్యూటీ బస్సు ఆగే చోటు పట్టాలకు ఏ పక్క ఉన్నాయో చూసుకోండి. నాకు నొప్పులు మొదలైన రాత్రి ఆటోలో బయల్దేరితే గేటు పడి ఉంది, ఒక బండి పోయింది, ఎదురు బండి కోసం గేటు ఎత్తలేదు, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. గేటు తీసేసి అండర్‌పాస్ కట్టిన చోట హారన్ గోల తగ్గుతుంది, గేటు పడటమూ ఉండదు, కానీ వానాకాలంలో కిందికి నీళ్లు చేరితే బైకు కూడా పోదు. గట్టి వాన పడ్డ మర్నాడు పోయి చూస్తే నిజం తెలుస్తుంది. పైనుంచి బ్రిడ్జి ఉంటే అన్నిటికంటే మేలు.

కొనేవాళ్లకైతే కాగితాల సంగతి కూడా చెప్పాలి. మన భవన నిబంధనల ప్రకారం రైల్వే స్థలం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, లేదంటే రైల్వే నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం ఉండాలి. పట్టాల నుంచి కాదు, రైల్వే హద్దు నుంచి, ఈ తేడా దగ్గరే చాలామంది గొడవల్లో పడుతున్నారు. మహబూబ్‌నగర్ నుంచి డోన్ దాకా కూడా డబుల్ లైన్‌కు 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది, కాబట్టి దేవరకద్ర, గద్వాల వైపు పట్టాల పక్కన ప్లాట్లు చూసేవాళ్లు రెండో లైన్ ఏ పక్క వస్తుందో కనుక్కోకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. నల్లగొండలో మా చెల్లెకు కూడా ఇదే చెప్పాను, ఆ గుంటూరు - బీబీనగర్ లైన్ డబ్లింగ్ కూడా అప్పుడే ఓకే అయింది.

మేము ఇప్పుడు ఇదే గల్లీలో, కొన్ని ఇళ్ల అవతల, అమ్మకానికి వచ్చిన ఇల్లు చూస్తున్నాం. పడకగది వెనక పక్కకు ఉంది, బోరు ఉంది. ఓనర్ రేటు కొంచెం ఎక్కువ చెబుతున్నాడు, ముందు ఎన్‌ఓసీ కాగితం చూపించమని అడిగాం.