బంగారం ఎక్కడ కొంటే మేలు: షోరూమా, బజారులో పాత కొట్టా, ఆచారి గారా?

బంగారం కొనబోయే ముందు అందరం "ఇవాళ రేటెంత" అనే అడుగుతాం. నిజానికి రేటు విషయంలో పెద్దగా బాధపడాల్సింది లేదు, ఒకే ఊళ్ళో ఒకే రోజు 22 క్యారెట్ల గ్రాము రేటు ఏ దుకాణంలోనైనా కాస్త అటూ ఇటూగా అంతే ఉంటుంది. డబ్బు పోయేదీ మిగిలేదీ బిల్లులో మిగతా లైన్ల దగ్గర. తరుగు (నగ చేసేటప్పుడు పోయే బంగారం పేరుతో వేసేది) ఎంత వేశాడు, రాళ్ళకు ఎంత పట్టాడు, రేపు అదే నగ తిరిగిస్తే ఎంత లెక్కకడతాడు, ఈ మూడూ చూడాలి. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు చాలావరకు బజారులో పాత కొట్టుకే. అలాగని అన్ని నగలకూ కాదు.

షోరూమ్ సంగతి మీకు తెలిసిందే. ఏసీ, మెత్తటి కుర్చీ, కూల్‌డ్రింకో కాఫీయో, పిల్లలు ఏడిస్తే ఆడించే మనిషి కూడా. ట్రేల మీద ట్రేలు తెచ్చి ముందు పెడతారు, వద్దన్నా మొహం మాడ్చుకోరు. పెళ్ళికి ఒకేసారి హారం, వడ్డాణం, వంకీలు, బుట్టలు అన్నీ ఒక సెట్టులా కావాలంటే ఇంత సరుకు ఒకేచోట ఇంకెక్కడా దొరకదు, అది ఒప్పుకోవాలి. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాటకం మొదలవుతుంది. సేల్స్‌మన్ కాలిక్యులేటర్ మీద ఏదో కొట్టి మనవైపు తిప్పుతాడు, అందులో వీఏ అని ఒక శాతం ఉంటుంది. తరుగు, మజూరీ కలిపేసి దానికి పెట్టిన పేరు అది. ఎక్కువగా ఉందంటే "మేనేజర్‌ని అడిగొస్తా" అని వెళ్ళి ఒక రెండు శాతం తగ్గించుకొస్తాడు, మనకేమో గెలిచినట్టు ఉంటుంది. అసలు మొదట చెప్పిన శాతమే ఆ తగ్గింపుని లెక్కేసుకుని చెప్పింది కదా.

బజారు కొట్టు అంటే నేననేది సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనో, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లోనో, రెండో బొంబాయి అని పేరున్న ప్రొద్దుటూరులోనో, మీ ఊరి మెయిన్ బజారులోనో తాతల నాటి నుంచి నడుస్తున్న చిన్న దుకాణం. కొన్నిచోట్ల ఇప్పటికీ తెల్ల పరుపు మీద కూర్చునే బేరం. ఇక్కడ కూల్‌డ్రింకు రాదు, నిలబెట్టేస్తారు, శ్రావణమాసంలో వెళ్తే మన వంక చూసేవాడే ఉండడు. ట్రేలు తక్కువ, ఉన్నవాటిల్లో నచ్చకపోతే "రెండ్రోజులాగి రండి, తెప్పిస్తా" అంటారు. ఆ తెప్పించేది కోయంబత్తూరు, త్రిస్సూర్, రాజ్‌కోట్, ముంబై నుంచి వచ్చే హోల్‌సేల్ సరుకే, షోరూమ్ ట్రేల్లో ఉన్నదాంట్లోనూ చాలా భాగం అక్కడ తయారైనదే. అందుకే మామూలు గొలుసుకి, గాజులకి షోరూమ్‌లో ఎక్కువ తరుగు ఇవ్వడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఒక లెక్క వేద్దాం. గ్రాము పదివేలు అనుకోండి, లెక్క సులువుగా ఉండటానికి. 20 గ్రాముల గొలుసుకి బంగారం విలువ 2,00,000. షోరూమ్‌లో 14 శాతం తరుగు వేస్తే 28,000, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 6,840, కలిపితే 2,34,840. బజారులో 8 శాతానికి ఒప్పుకున్నాడనుకోండి, 16,000, జీఎస్టీ 6,480, మొత్తం 2,22,480. హాల్‌మార్క్ (స్వచ్ఛత పరీక్షించి నగ మీద వేసే ముద్ర) చార్జీ రెండుచోట్లా ఒకటే, వస్తువుకి 45 రూపాయలు, దానిమీద పన్ను. అంటే ఒకే బరువు, ఒకే స్వచ్ఛత, 12,360 తేడా. ఈ శాతాలు నేను ఉదాహరణకి వేసినవి, మీ ఊళ్ళో వేరుగా ఉండొచ్చు, కానీ బేరం ఆడాల్సిన లైన్ ఏదో మాత్రం అర్థమవుతుంది. ఇంకో మాట, బేరం గ్రాముల్లోనే ఆడండి. తెలంగాణలో తులం అంటే ఇప్పుడు పది గ్రాములు, ఆంధ్రా వైపు కాసు అంటే ఎనిమిది, ఇంట్లో పెద్దవాళ్ళకి పాత తులం పదకొండున్నర గ్రాముల పైచిలుకు. ముగ్గురూ కలిసి కొట్టుకెళ్తే లెక్క తేలడానికి సాయంత్రమవుతుంది.

బజారులో ఉన్న అసలు గొడవ వేరే. "బిల్లు ఎందుకమ్మా, జీఎస్టీ మిగులుతుంది కదా" అని చిన్న చీటీ మీద బరువూ ధరా రాసి ఇస్తారు చూడండి, అక్కడే చాలామంది లొంగిపోతారు. ఆ మూడు శాతం కోసం చేతిలోని పట్టు మొత్తం వదిలేసుకోవడం అది. ఆ చీటీ చూపించి రేపు ఎవర్నీ ఏమీ అడగలేం. రెండు లక్షలూ ఆ పైన నగదుగా తీసుకోవడం ఎలాగూ చట్టం ఒప్పుకోదు, రెండు లక్షలు దాటిన కొనుగోలుకి పాన్ అడుగుతారు, కాబట్టి పెద్ద వస్తువుకి చీటీ ఆలోచనే పెట్టుకోవద్దు. పాత కొట్టుకి నా ఓటు అన్నానే, అది పక్కా బిల్లు ఇచ్చే పాత కొట్టుకి మాత్రమే.

హాల్‌మార్క్ వచ్చాక షోరూమ్‌కీ చిన్న కొట్టుకీ మధ్య ఉన్న పెద్ద గోడ కూలిపోయిందని నా అభిప్రాయం. ఇదివరకు "పెద్ద షోరూమ్ అయితే మోసం ఉండదు" అనే ధైర్యానికే మనం అదనంగా డబ్బు కట్టేవాళ్ళం. 2021 జూన్ నుంచి నోటిఫై చేసిన జిల్లాల్లో హాల్‌మార్క్ తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) లేని నగ అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కె916 అనే స్వచ్ఛత, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ ఆరక్షరాల నంబరు. కంటికి ఆనదు, కొట్టువాళ్ళు పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం ఉంచాలి, అడగండి. ఆ నంబరు ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వస్తువు ఏమిటో, స్వచ్ఛత ఎంతో, ఏ సెంటర్లో పరీక్షించారో వస్తుంది. యాప్‌లో ఉంగరం అని వచ్చి చేతిలో గొలుసు ఉంటే ఇంక మాట్లాడాల్సిందేమీ లేదు, లేచి వచ్చేయడమే. తర్వాతెప్పుడో స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గినదాని విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా ఇవ్వాలని రూల్ ఉంది. అడగాలంటే బిల్లు కావాలి, మళ్ళీ అదే మాట.

అన్నిటికీ హాల్‌మార్క్ ఉంటుందనుకోకండి. రెండు గ్రాముల లోపు వస్తువులకి అక్కర్లేదు, కుందన్, పోల్కీ, జడావ్ అనే రాళ్ళు పొదిగిన నగలకి మినహాయింపు ఉంది, ఏడాదికి నలభై లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్ళకీ మినహాయింపే. నలభై లక్షలంటే చాలా అనిపిస్తుంది గానీ పై లెక్క ప్రకారం అది ఏడాదంతా కలిపి 400 గ్రాముల బంగారం. మన వీధి చివర పనిచేసుకునే ఆచారి గారు చాలాసార్లు ఈ మినహాయింపులోకే వస్తారు.

ఆచారి గారి దగ్గర చేయించుకోవడం పూర్తిగా వేరే అనుభవం. మేలిమి (24 క్యారెట్ల) బంగారం మనమే కొని ఇస్తాం, లేదా పాత నగ ఇస్తాం, మన ఎదుటే గీటురాయి మీద గీసి చూస్తారు, కుంపటి ముందు కూర్చుని కరిగిస్తారు. 20 గ్రాముల 22 క్యారెట్ల వస్తువుకి మేలిమి 18.33 గ్రాములు కావాలి, మిగతాది రాగీ వెండీ, అంటే మేలిమి గ్రాము రేటు ఎక్కువైనా మొత్తం దగ్గర దగ్గర అంతే పడుతుంది. దానిమీద తరుగు గ్రాముల్లో, మజూరీ రూపాయల్లో. అది కూడా ముందే మాట్లాడుకోవాలి, పని అయ్యాక మొహమాటానికి పోతే కుదరదు. చెప్పిన రోజుకి ఇవ్వరు, ఇది మాత్రం ఏ ఊళ్ళోనైనా ఒకటే. "శుక్రవారం రండమ్మా" అంటే ఏ శుక్రవారమో ఆయనకీ తెలీదు.

అయినా కొన్ని పనులకి ఆయన్ని మించినవాళ్ళు లేరు. పుస్తెలు చేయించడం, నల్లపూసలు మళ్ళీ గుచ్చించడం, అమ్మమ్మ గాజులు మనవరాలి చేతికి సరిపోయేలా మార్చడం, తెగిన కొక్కెం అతికించడం, వీటికి షోరూమ్‌కి వెళ్తే వస్తువు తీసుకుని రసీదు రాసి ఎక్కడికో పంపిస్తారు, రెండు వారాల తర్వాత ఫోన్ చేస్తారు. ఆచారి గారు మనం అరుగు మీద కూర్చున్నంతసేపట్లో ఊదుగొట్టంతో అతికి మెరుగుపెట్టి చేతిలో పెడతారు. చేత్తో చేసిన గొలుసు బరువు ఎక్కువే, కానీ తెగితే అతుకు పడుతుంది. లోపల డొల్లగా ఉండే తేలిక మెషిన్ గొలుసు ఒకసారి నొక్కుకుపోయిందా, దాన్ని బాగుచేయడం ఎవరివల్లా కాదు.

ఆయన దగ్గర కష్టమల్లా అమ్మేటప్పుడు. నగ బంగారం మంచిదే అయినా అతుకులకి వాడిన టంకం వల్ల మెషిన్ మీద పెడితే స్వచ్ఛత కొంచెం తక్కువ చూపిస్తుంది. పాతకాలపు నగల్లో లోపల లక్క ఉంటుంది, కరిగిస్తే బరువు తగ్గుతుంది. అందులో మోసం ఉండాల్సిన పని లేదు, అప్పటి పనితనమే అంత. పైగా ముద్ర లేదు, బిల్లు లేదు. కాబట్టి ఆచారి గారి దగ్గర చేయించేది ఎప్పటికీ ఇంట్లోనే ఉండిపోయే వస్తువు అయితే నాకు ఏ అభ్యంతరమూ లేదు, రేపు అవసరానికి అమ్ముకుందాం అనుకునేదైతే మాత్రం వద్దంటాను.

ఇక రాళ్ళు. షోరూమ్ అసలు లాభం ఇక్కడే ఉంటుందని నా గట్టి నమ్మకం. మా వదిన ఒక పెద్ద షోరూమ్‌లో కెంపుల హారం కొంది, కొన్నేళ్ళ తర్వాత అక్కడికే మార్చడానికి తీసుకెళ్తే రాళ్ళూ పూసలూ మొత్తం తీసేసి మిగిలిన బంగారానికే లెక్కకట్టారు. "కొన్నప్పుడు రాళ్ళకి డబ్బు తీసుకున్నారుగా" అంటే "అవి ఎక్స్‌చేంజ్‌లో రావు మేడమ్" అన్నారు, అంతే మర్యాదగా, అదే నవ్వుతో. తరుగు ఎలాగూ రాదు. ఆవిడ బిల్లులో రాళ్ళ బరువు విడిగా రాయించుకుంది కాబట్టి కనీసం నికర బరువు దగ్గర గొడవ పడలేదు. రాళ్ళ నగ ఎక్కడ కొన్నా మొత్తం బరువు, రాళ్ళ బరువు, నికర బంగారం, రాళ్ళ ధర, నాలుగూ విడివిడిగా రాయించుకోండి, తరుగు శాతం నికర బరువు మీద వేశారో మొత్తం మీద వేశారో కూడా చూడండి. నగిషీ హారాలకి తరుగు ఎలాగూ ఎక్కువే, ఆ పనికి అంత ఇవ్వొచ్చు, నాకు పేచీ లేదు. అరంగుళం రాయికి బంగారం ధర కడుతున్నామా అన్నదే చూసుకోవాలి.

పాత నగ మార్చేటప్పుడు "సున్నా తరుగు" బోర్డులు చూసి నేరుగా వెళ్ళిపోకండి. చాలాచోట్ల అది వాళ్ళ దగ్గర కొన్న వస్తువుకే, అదీ మళ్ళీ అక్కడే కొంటేనే, నగదు కావాలంటే కోత. నేనైతే ముందు హాల్‌మార్కింగ్ సెంటర్‌కి వెళ్ళి పరీక్ష చేయించమంటాను, నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలు, అయిదూ ఆ పైన అయితే ఒక్కోదానికి 45. ఆ కాగితం చేతిలో ఉంటే షోరూమ్‌లోనైనా బజారులోనైనా మాట తీరే మారిపోతుంది. కరిగించే పని మాత్రం మీ కళ్ళ ముందే జరగాలి, లోపలికి తీసుకెళ్తానంటే ఒప్పుకోవద్దు.

నెలనెలా కట్టే స్కీముల విషయంలో షోరూమ్‌కే మార్కులు. పదకొండు నెలలు కడితే తరుగులో తగ్గింపో, చివర్లో ఒక వాయిదా బోనసో ఇస్తారు. ఏడాది దాటితే అది డిపాజిట్ కింద లెక్కకొస్తుంది కాబట్టే పదకొండుతో ఆపేస్తారు. కట్టిన ప్రతి నెలా ఆ రోజు రేటుకి గ్రాములు జమవుతాయా, లేక రూపాయలే జమయ్యి చివరిరోజు రేటుకి కొనాలా, ఇది చేరేముందే అడగండి, రేట్లు పెరిగే రోజుల్లో రెంటికీ చాలా తేడా. తగ్గింపు ఏ నగల మీద వర్తిస్తుందో కూడా. బిళ్ళలకీ కాసులకీ చాలా స్కీముల్లో వర్తించదు.

ఆన్‌లైన్లో అయితే బిళ్ళ వరకు పర్వాలేదు, నగ వద్దు. చెవులకి పెట్టుకుని అద్దంలో చూసుకోకుండా బుట్టలు కొనేదెలా?

గొలుసూ గాజులూ ఉంగరాలూ బజారులో, పుస్తెలూ రిపేర్లూ ఆచారి గారి దగ్గర, పెళ్ళి సెట్టు షోరూమ్‌లో, నేనైతే ఇలా పంచుకుంటాను. ఏ కొట్టుకైనా అక్షయ తృతీయ రోజు వెళ్ళకండి. ఆ తోపులాటలో భూతద్దం అడిగినా ఇచ్చేవాడుండడు, నికర బరువు చూసే తీరికా ఉండదు. ఆ రోజే కొనాలని ఇంట్లో పట్టుబడితే, ముందువారమే వెళ్ళి నగ ఎంచుకుని, తరుగు మాట్లాడుకుని, అడ్వాన్సు కట్టి రేటు బుక్ చేసుకోండి, పండగనాడు వెళ్ళి తెచ్చుకోవడమే.