నది అవతలి మందుల లెక్క: పీఎంపీ ఇంటర్‌కనెక్ట్‌ని పన్నెండేళ్లకు పైగా వాడాక

సిన్సినాటిలో మా ఫార్మసీ నుంచి బయల్దేరితే పది నిమిషాల్లో ఒహాయో నది దాటి కెంటకీలో ఉంటాం. పడమరకి అరగంట పోతే ఇండియానా. ఇక్కడి జనానికి ఈ హద్దులు పట్టవు. ఇల్లు ఒక రాష్ట్రంలో, డాక్టరు ఇంకో రాష్ట్రంలో. నేను చేరిన కొత్తలో మా స్క్రీన్ మాత్రం నది దగ్గరే ఆగిపోయేది. ఆక్సీకోడోన్ (వ్యసనంగా మారే బలమైన నొప్పి మాత్ర) చీటీ వస్తే, అలాంటి మందులు ఎవరు ఎప్పుడు కొన్నారో చూపే ఒహాయో వాళ్ల లెక్క ఓఏఆర్‌ఆర్‌ఎస్ (మేం 'ఓర్స్' అంటాం) తెరిచేవాళ్లం, ఏమీ ఉండేది కాదు. ముందురోజే నది అవతల కవింగ్టన్‌లో అదే మాత్ర కొనుక్కున్నా మాకు తెలిసే దారి లేదు. కెంటకీకి 1999 నుంచే కాస్పర్ అని అలాంటిదే ఉంది, కానీ అది వాళ్ల లెక్క.

2011లో ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం ఈ రాష్ట్రాల లెక్కల్ని కలిపే పీఎంపీ ఇంటర్‌కనెక్ట్ మొదలుపెట్టింది. ఇది గోదాం కాదు, గొట్టం. మనం అడిగింది అవతలి రాష్ట్రానికి వెళ్తుంది, జవాబు వస్తుంది, మధ్యలో ఏదీ నిల్వ ఉండదు. ఎవరికి చూపించాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకుంటుంది. ఐ-75 హైవే మీద ఫ్లోరిడా నుంచి నేరుగా ఇక్కడికి మాత్రలు దిగిన రోజుల్లో ఫ్లోరిడా లెక్కే మాకు అన్నిటికన్నా అవసరం. అక్కడి చట్టం మిగతా రాష్ట్రాలతో పంచుకోనిచ్చింది 2018లో!

పనికొచ్చిందా అంటే, వచ్చింది. నడుం నొప్పని ఒకాయన వచ్చాడు, మర్యాదస్థుడు, నగదు ఇస్తానన్నాడు. ఒహాయోలో ఒక్కటే ఎంట్రీ. కెంటకీ, ఇండియానా టిక్ పెట్టి మళ్లీ వెతికితే పేజీ నిండింది: మూడు వారాల్లో నలుగురు డాక్టర్లు. పక్కకి పిలిచి మాట్లాడాను. మాత్రలు ఇవ్వలేదు, నలాక్సోన్ (ఇలాంటి మాత్రల మోతాదు మించితే వాడే విరుగుడు) ఇచ్చి పంపాను.

ఆ టిక్ మనమే పెట్టాలి, అదే తంటా. సాయంత్రం రద్దీలో మర్చిపోతే పాత రోజులే. పైగా అమ్మిన క్షణంలో ఎంట్రీ పడదు, కాబట్టి పొద్దున అవతల కొన్న మాత్ర మధ్యాహ్నానికి ఇక్కడ కనపడకపోవచ్చు. గాబాపెంటిన్ (నరాల నొప్పి మందు) సంగతి మరీ విచిత్రం. 2017 నుంచి కెంటకీలో అది షెడ్యూల్ ఐదు, అంటే నియంత్రిత మందుల్లో చివరి తరగతి; ఒహాయోలో నియంత్రిత మందు కాదు గానీ రిపోర్టు చేయాలి, కొన్ని రాష్ట్రాల్లో రెండూ లేవు.

పేర్ల దగ్గర మనవాళ్లు ఈ సాఫ్ట్‌వేర్‌ని ఏడిపిస్తారు. మన ఊరి పెద్దాయన ఒకరి పేరు పాస్‌పోర్టులో అంతా ఒకే గడిలో ఉంది, వీసాలో ఎఫ్ఎన్‌యూ ('మొదటి పేరు తెలియదు' అని) పడింది. ఒక ఫార్మసీలో వెంకట, ఇంకోచోట సత్యనారాయణ. ఆపరేషన్ తర్వాత రాసిన మందులు ఇద్దరు మనుషుల పేరు మీద ఉన్నాయి. పుట్టినతేదీ, చిరునామా చూసి నేను కలుపుకున్నాను, మెషీన్ కలపలేదు.

నాకు బొత్తిగా నచ్చనిది పక్కన కనపడే రిస్కు స్కోరు, 999 దాకా పోతుంది. ఒకావిడకి అది పెద్దగా ఉందని మా కుర్ర ఫార్మసిస్టు మొహం మాడ్చుకుని మందివ్వడానికి తటపటాయించాడు. తెరిచి చూస్తే క్యాన్సర్ చికిత్స, ముగ్గురు డాక్టర్లు, దాంట్లోనే ఇంట్లో కుక్కకి రాసిన మూర్ఛ మందు ఫీనోబార్బిటాల్. ఆవిడ కౌంటర్ దగ్గర నలభై నిమిషాలు నిలబడింది. నేనే వెళ్లి క్షమాపణ చెప్పాను.

అయిదుకి నాలుగిస్తాను. కవింగ్టన్‌లో పనిచేసే స్నేహితురాలి నంబర్ మాత్రం ఇప్పటికీ కౌంటర్ కింద అంటించే ఉంది, ఆదివారాల కోసం.