ఒకే క్లబ్బులో పాతుకుపోవడమా, క్లబ్బులు మారడమా? ఇంగ్లండ్ దిగువ లీగ్ మేనేజర్‌కు ఏది మేలు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ప్రీమియర్ లీగ్, ఛాంపియన్‌షిప్‌ల తరువాత వచ్చే లీగ్ వన్, లీగ్ టూలలో మేనేజర్ ఉద్యోగానికి భరోసా చాలా తక్కువ. చేతిలో డబ్బు ఉండదు, వరుసగా నాలుగైదు మ్యాచ్‌లు ఓడితే కుర్చీ కదులుతుంది. అటువంటి చోట ఒకే ఊరిని నమ్ముకొని ఏళ్ల తరబడి జట్టును కట్టడం మేలా, పిలుపు వచ్చిన ప్రతిచోటికీ వెళ్లి గెలిపించి కదలడం మేలా అన్న ప్రశ్నకు జాన్ కోల్‌మన్, నీల్ వార్నాక్ అనే ఇద్దరు మేనేజర్ల జీవితాలు చెరొక జవాబు చెబుతాయి.

వార్నాక్ తిరిగిన మేనేజర్. ఆయన 1987లో స్కార్‌బరో క్లబ్బును, అప్పట్లో ఇంగ్లండ్‌లోని పై నాలుగు డివిజన్లతో కూడిన ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేర్చారు. నాట్స్ కౌంటీని 1990, 1991లలో వరుసగా రెండు మెట్లు ఎక్కించారు. 1995లో హడర్స్‌ఫీల్డ్, 1996లో ప్లిమత్ ఆయన చేతుల మీదుగానే పై డివిజన్‌కు వెళ్లాయి. మొత్తం 8 ప్రమోషన్లు, 1,600కు పైగా మ్యాచ్‌లు. ఈ లెక్క ముందు ఎవరైనా తల వంచవలసిందే. అయితే ప్లిమత్ ఆయనను మరుసటి ఏడాదే తొలగించింది. స్కార్‌బరో 1999లో లీగ్ నుంచి జారిపోయి, 2007లో అప్పులతో మూతపడింది. దానికి వార్నాక్ బాధ్యులు కారు. కానీ గెలిపించి వెళ్లిపోయిన మనిషి వెనుక ఆ గెలుపు ఎంతకాలం నిలుస్తుందో అక్కడ కనబడుతుంది.

అదే 1999లో, బడిపంతులుగా పనిచేసిన కోల్‌మన్ లాంకషైర్‌లోని అక్రింగ్టన్ స్టాన్లీ పగ్గాలు చేపట్టారు. ఆ ఊరి పాత క్లబ్బు 1962లో అప్పుల పాలై సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి తప్పుకుంది. 1968లో మళ్లీ పుట్టిన క్లబ్బును ఆయన మూడుసార్లు మెట్లెక్కించి 2006లో లీగ్‌కు తిరిగి తెచ్చారు. 1962లో అక్రింగ్టన్ స్థానంలోకి వచ్చిన ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ అదే 2006లో లీగ్ నుంచి దిగిపోయింది.

నన్ను ఒక పక్షానికి మొగ్గేలా చేసింది మాత్రం 2016 మే నెలలో వచ్చిన లీగ్ టూ సీజన్ ఆఖరి రోజు. అక్రింగ్టన్ సొంత మైదానంలో స్టీవనేజ్‌తో గోల్ లేకుండా డ్రా చేసుకుంది. అవతల పోటీలో ఉన్న బ్రిస్టల్ రోవర్స్ తన మ్యాచ్ చివర కలిపిన నిమిషాల్లో ఒక గోల్ కొట్టడంతో, పాయింట్లు సమానమైనా కొట్టిన, ఇచ్చిన గోల్స్ తేడాలో వెనుకబడి, నేరుగా పై డివిజన్‌కు చేర్చే మూడో స్థానం చేజారింది. మిగిలిన ఒక్క ప్రమోషన్ కోసం జరిగే ప్లే ఆఫ్ పోటీ సెమీఫైనల్‌లోనూ ఓటమే ఎదురైంది. మరుసటి సీజన్‌లో జట్టు పట్టిక నడుమ మిగిలిపోయింది. చాలా క్లబ్బుల్లో అక్కడితో మేనేజర్ కథ ముగిసేది. ఇక్కడ యజమాని ఆండీ హోల్ట్ ఆయనను కదపలేదు. 2018 ఏప్రిల్‌లో యోవిల్‌పై బిల్లీ కీ రెండు గోల్స్ కొట్టిన రాత్రి, మళ్లీ పుట్టిన ఈ అక్రింగ్టన్ తొలిసారి మూడో డివిజన్ అయిన లీగ్ వన్‌కు అర్హత సాధించి, ఆపై లీగ్ టూ ఛాంపియన్‌గా నిలిచింది.

కోల్‌మన్ కూడా ఒకసారి దారి మార్చి చూశారు. 2012 జనవరిలో పొరుగునే ఉన్న రోచ్‌డేల్‌కు వెళ్లారు. ఆ జట్టు ఆ సీజన్‌లోనే కింది డివిజన్‌కు పడిపోయింది, ఏడాది తిరిగేసరికి ఆయన ఉద్యోగమూ పోయింది. ఇతరులు వద్దనుకున్న ఆటగాళ్లను ఏరి తీర్చిదిద్దడమే ఆయన బలం. దానికి సమయం కావాలి, కొత్త చోట ఆ సమయం దొరకలేదు. 2014లో తిరిగొచ్చాకే మళ్లీ నిలదొక్కుకున్నారు.

అందుకే నా ఓటు నిలిచి ఉండడానికే, కాకపోతే యజమాని ఓపిక చూసుకున్న తరువాతే. ఆ ఓపిక శాశ్వతం కాదు. 2023లో జట్టు లీగ్ టూకు దిగాక, 2024 మార్చిలో కోల్‌మన్‌ను కూడా తొలగించారు. వార్నాక్ దారిలో నడవాలంటే అడుగుపెట్టిన మొదటి నెలలోనే జట్టును మార్చగల అరుదైన చేవ ఉండాలి. అంతటి వార్నాక్ సైతం చిన్ననాటి నుంచి అభిమానించిన షెఫీల్డ్ యునైటెడ్ 1999లో చేతికి వచ్చినప్పుడు, 2007 దాకా అక్కడి నుంచి కదలలేదు.