మెట్ల కింద టబ్బులో లైవ్ రాక్: 14 నెలల తర్వాత

పాత ఇల్లు పడగొట్టి కట్టుకుంటున్నామని తిరుపతిలోనే అద్దె ఇంటికి మారినప్పుడు ఉప్పునీటి అక్వేరియం తీసేయక తప్పలేదు. మేడ మీద పోర్షన్‌లో అంత బరువు పెడితే స్లాబు సంగతేంటని ఓనరు టెన్షన్ పడ్డాడు. చేపల్ని చెన్నైలో ఉన్న ఫ్రెండుకి ఇచ్చేశాను. మిగిలింది 18 కిలోల లైవ్ రాక్, అంటే ట్యాంకు నీళ్ళను శుభ్రం చేసే బ్యాక్టీరియా పట్టిన రాయి. దాన్ని మెట్ల కింద 100 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ టబ్బులో 14 నెలలు కాపాడాను.

నా రాయి సముద్రంలోంచి తీసింది కాదు. పగడాలకు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఆ పగడపు రాళ్ళ జోలికి పోకూడదు. నాది తయారుచేసిన పొడిరాయి. మూడేళ్ళు ట్యాంకులో ఉండి, రంధ్రాల్లో బ్యాక్టీరియా స్థిరపడి లైవ్ అయింది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది ఆ బ్యాక్టీరియానే. ఎండబెట్టి అటక మీద పడేస్తే మూడేళ్ళ కష్టం పోయినట్టే.

టబ్బు అడుగున కూరగాయల ప్లాస్టిక్ ట్రే బోర్లించి, దాని మీద రాళ్ళు వదులుగా పేర్చాను. గుట్టగా పోస్తే కింద నీళ్ళు కదలవు, మడ్డి చేరుతుంది. నీళ్ళను కదిలించే ఒక వేవ్‌మేకర్, ఒక ఎయిర్ పంపు, సగం మూసిన మూత. లైటు లేదు. మన ఊరి వేడికి హీటర్ అవసరం అసలే రాలేదు. నీళ్ళకు అక్వేరియంకని అమ్మే సింథటిక్ ఉప్పే వాడాను, సాంద్రత 1.025 దగ్గర ఉంచాను. రాళ్ళుప్పు చాలదా అని అడిగినవాళ్ళు చాలామందే. చాలదు, అందులో కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు. మా అమ్మ మాత్రం ఉప్పు సంగతి అడగలేదు. "శనగలు నానేస్తే గుగ్గిళ్ళన్నా అవుతాయి, ఈ రాళ్ళు నానేసి ఏం జేసుకుంటావురా?" అంది.

అసలు పరీక్ష ఎండాకాలంలో మొదలైంది. మే నెలలో మధ్యాహ్నం టబ్బులో నీళ్ళు 33 డిగ్రీలకు వచ్చాయి. నీళ్ళ మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గింది గానీ, రోజుకు లీటరున్నర ఆవిరయ్యేది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కాబట్టి టబ్బు గోడకు మార్కరుతో గీత గీసుకుని, తగ్గినంత ఆర్వో నీళ్ళు పోయాలి. మా బోరు నీళ్ళు బిందె అడుగున తెల్లటి పొర కట్టే రకం, అవి పనికిరావు. నేను ఐదు రోజులు బెంగళూరు వెళ్ళినప్పుడు మా ఆవిడ ఆర్వో నీళ్ళకు బదులు పక్కనున్న ఉప్పునీళ్ళ క్యాను పోసింది. వచ్చి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే సాంద్రత 1.028. తప్పు ఆవిడది కాదు, రెండు క్యాన్లూ ఒకేలాంటివి పెట్టింది నేను.

అంతకన్నా పెద్ద దెబ్బ కరెంటు. ఒక రాత్రి వీధి ట్రాన్స్‌ఫార్మర్ పోయి ఏడు గంటలు రాలేదు. పొద్దున మూత తీస్తే మురుక్కాలువ వాసన, నీళ్ళ మీద తెల్లటి తెట్టు. అసలే వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, పైగా కదలిక లేదు. రాయిలో పురుగులు కొన్ని చచ్చి అడుగున పడ్డాయి. అమ్మోనియా టెస్టు ట్యూబు పసుపుగా ఉండాల్సింది ముదురు ఆకుపచ్చకు తిరిగింది. సగం నీళ్ళు మార్చాను, మర్నాడు మళ్ళీ సగం. నాలుగు రోజులకు రంగు దిగింది. కరెంటు పోగానే తనంతట తానే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఆ వారమే కొన్నాను. మొదటి రోజే కొనాల్సింది. ఇంకో మాట: గాలిబుడగలు చిమ్మే తుంపరలతో పక్కనున్న ఇనప పెట్టెకు ఒకవైపంతా తుప్పు పట్టింది. ప్లగ్గు చుట్టూ కూడా ఉప్పు పొర కట్టింది. స్విచ్‌బోర్డుకు దూరంగా పెట్టుకోండి.

మిగతా మెయింటెనెన్స్ పెద్దగా లేదు. నెలకోసారి 20 లీటర్లు తీసి, ఆ తీసిన నీళ్ళలోనే రాళ్ళను ఆడించి మడ్డి వదిలించేవాణ్ణి. కొళాయి కింద పెడితే బ్యాక్టీరియా చస్తుంది. వారానికి చిటికెడు చేపల మేత వేసేవాణ్ణి, బ్యాక్టీరియాకూ తిండి కావాలి కదా.

కొత్త ఇంట్లో ట్యాంకు పెట్టి, రాళ్ళు సర్ది, బ్యాక్టీరియా పనిచేస్తోందో లేదో చూద్దామని అమ్మోనియా 2 పీపీఎం వరకు వేస్తే మర్నాటికి సున్నా. మొదటిసారి ఇదే స్థితికి ఆరు వారాలు పట్టింది. చీకట్లో ఉండడంతో రాళ్ళ మీద పొరలా పట్టే ఊదారంగు నాచు, కోరలైన్ ఆల్గే, మొత్తం తెల్లగా అయిపోయింది, ఇప్పుడిప్పుడే చుక్కలు చుక్కలుగా వస్తోంది. ఆరేడు నెలల కోసమైతే ఈ పద్ధతికి నేను నాలుగు స్టార్లు ఇస్తాను. ఏడాది దాటేట్టయితే రెండే. అంతకాలం ఉప్పూ కరెంటూ ఖర్చు పెట్టే బదులు పొడిరాయితో కొత్తగా మొదలుపెట్టొచ్చు.

చీకటిలో చచ్చిపోతుందనుకున్న ఐప్టేసియా, అంటే ట్యాంకుల్లో కలుపు మొక్కలా పెరిగే చిన్న సముద్రజీవి, మాత్రం చావలేదు. 14 నెలల తర్వాత లైటు వేసిన మూడో రోజే రాతి సందులోంచి తల బయటపెట్టింది. దాన్ని తినే పెప్పర్‌మింట్ రొయ్య దొరుకుతుందేమోనని వచ్చే ఆదివారం చెన్నై కొళత్తూరు వెళ్తున్నాను.